బస్సు నడిపే ఖడ్గమృగం ఆడా, మగా?

ఆ పుస్తకం మా అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద దొరికింది. ఒక ఆదివారం అక్కడ ఎవరో చాప పరిచి ఇంట్లో పాత సామాన్లు అమ్ముతున్నారు. మూత లేని టిఫిన్ డబ్బాకీ, ఒంటి చెవి కుక్క బొమ్మకీ మధ్య అట్ట కొంచెం చిరిగిన బొమ్మల పుస్తకం. అట్ట మీద ఒక ఖడ్గమృగం నీలం టోపీ పెట్టుకుని బస్సు నడుపుతోంది. వెనక సీట్లలో కుందేళ్ళు, బాతులు, ఒక మొసలి. నాలుగేళ్ళు దాటిన మా అమ్మాయి దాన్ని చూసి అక్కడే చతికిలబడింది.

"అమ్మా, దిస్ వన్. దిస్ వన్ లా!"

సింగపూర్‌లో ఐటీ ఊపు మీదున్న రోజులవి. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు ఆఫీసులో నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మా ఆయనది మరో కంపెనీలో సపోర్ట్ పని, షిఫ్టులు మారుతూ ఉండేవి. పొద్దున్నే ఎక్స్‌పో స్టేషన్‌లో రైలు దిగితే అమీర్‌పేటలో దిగినట్టే ఉండేది. ముందు నడిచేవాళ్ళదీ తెలుగే, వెనక ఫోన్లో తిట్టేవాళ్ళదీ తెలుగే. మా ఇంట్లో మాత్రం తెలుగు రోజురోజుకీ పల్చబడిపోతోంది. "అన్నం తిందువు రావే" అని నేను పిలిస్తే, "డోన్ వాంట్ లా" అని, చివర సింగపూర్ వాళ్ళ "లా" తగిలించి మరీ జవాబు వచ్చేది. అందుకే నేనొక నియమం పెట్టుకున్నాను. పుస్తకం ఏ భాషలో ఉన్నా, అన్నాలయ్యాక సోఫాలో కూర్చుని నేను చదివేటప్పుడు మాత్రం తెలుగే వినపడాలి. కళ్ళు ఇంగ్లీషు చూస్తుంటే నోరు తెలుగు చెప్పుకుపోయేది. కొన్నాళ్ళకి అలవాటైపోయింది.

"ఖడ్గమృగం పొద్దున్నే లేచింది. టోపీ పెట్టుకుంది. బస్సు తీసింది. మొదటి స్టాపులో కుందేలు ఎక్కింది..."

ఆ పేరు మా అమ్మాయి నోరు తిరక్క "కడగమురగం" అయింది. పేరు వంకరపోయినా ప్రేమ తగ్గలేదు. రోజూ అదే పుస్తకం. కొన్నాళ్ళకి నేను పేజీలు చూడకుండానే చెప్పేసేదాన్ని.

ఒకరోజు పిల్లని కిండర్‌గార్టెన్‌కి తీసుకెళ్తూ బస్సెక్కాం. ఆవేళ డ్రైవరు ఒక చైనీస్ ఆంటీ. భారీ మనిషి, చేతులు స్టీరింగ్ నిండా ఉన్నాయి. మా అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, బస్సంతా వినపడేలా కేక పెట్టింది.

"అమ్మా! రైనో ఆంటీ!"

నాకు ఆ క్షణంలో బస్సు కిందకి దూరిపోవాలనిపించింది. డ్రైవరు వెనక్కి తిరిగింది. నేను తడబడుతూ, మా ఇంట్లో ఒక పుస్తకం ఉందనీ, అందులో బస్సు నడిపేది ఒక ఖడ్గమృగమనీ, మా పిల్లకి ప్రపంచంలో అందరికంటే అదంటేనే ఇష్టమనీ చెప్పుకొచ్చాను. ఆవిడ మొత్తం విని, నిదానంగా తల ఊపింది.

"రైనో ఆ? మై హస్బెండ్ ఆల్సో సే," అని బస్సు కదిలించింది. మేం దిగేటప్పుడు మా అమ్మాయికి సెల్యూట్ కూడా కొట్టింది.

అప్పటికి కూడా నాకు అందులో విశేషమేమీ కనపడలేదు. డ్రైవరు ఆడమనిషి కాబట్టి ఆంటీ అంది, అంతే అనుకున్నాను.

తర్వాతి వారం ఆఫీసులో కొత్త ప్రోగ్రాం రిలీజ్ ఉండి నేను ఇంటికి వచ్చేసరికి ఆలస్యమైంది. తలుపు తీయగానే లోపల రగడ. మా ఆయన సోఫాలో ఒక చివర, పిల్ల ఇంకో చివర, మధ్యలో ఖడ్గమృగం.

"నువ్వే చెప్పు దీనికి," అన్నాడు మా ఆయన. "నాకు చదవడం రాదంటోంది. ఇంజనీరింగ్ డిస్టింక్షన్‌లో పాసయ్యాను."

"డాడీ రీడ్ రాంగ్. డాడీ సే హీ!"

"హీ అనే ఉంది, తల్లీ. ఇదిగో, హెచ్, ఈ."

"నో! షీ! అమ్మా, యూ రీడ్."

నేను బ్యాగు కూడా దించకుండా పుస్తకం తీసుకుని మామూలుగా చదివాను. "ఖడ్గమృగం పొద్దున్నే లేచింది..."

"సీ!" అంది మా అమ్మాయి, విజయగర్వంతో.

అప్పుడు వెలిగింది నాకు. నేనేమీ మార్చలేదు, ఒట్టు. మార్చింది మన క్రియాపదం. మన భాషలో మగవాడొస్తే వచ్చాడు. ఇక మిగతా లోకంలో అమ్మాయి, ఆవు, వాన, కరెంటు, జ్వరం, ఏదొచ్చినా వచ్చింది. మా ఇంట్లో "లేచాడు, తిన్నాడు" అనిపించుకునేది ఒక్క నాన్నే. "లేచింది, తిన్నది" అనిపించుకునేవాళ్ళం నేనూ, తనూ. కాబట్టి పిల్ల లెక్క ప్రకారం ఖడ్గమృగం మా జట్టే. ఖడ్గమృగమే కాదు, అప్పటిదాకా నేను చదివిన పుస్తకాల్లోని ఏనుగులు, ఎలుగుబంట్లు, సింహాలు అన్నీ మా జట్టే. అడవి మొత్తం ఆడవాళ్ళ చేతుల్లో ఉందని నమ్ముతూ పెరుగుతోంది నా కూతురు. ఎంత హాయైన అడవి!

ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ ముందేసుకుని ఈసారి ఇంగ్లీషులో చదివాను. ఎలుగుబంటి హీ. ఏనుగు హీ. ఆఖరికి నత్త కూడా హీ. షీ కావాలంటే ఎవరికో ఒకరికి అమ్మ అయ్యుండాలి, నడుముకి ఏప్రన్ కట్టుకోవాలి. లేదంటే తలకి రిబ్బను ఉండాలి. నవ్వొచ్చింది, కొంచెం చిరాకూ వచ్చింది. నేను రోజుకి పది గంటలు బ్యాంకు ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే మనిషిని. ఇంట్లో సోఫా మీద ఉన్న ఈ తప్పు ఇన్నాళ్ళూ నా కంట పడలేదు.

మా ఆయన మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. మర్నాడు సాక్ష్యాలతో వచ్చాడు.

"ఇటు చూడు తల్లీ. ఈ కుందేలు షీ. ఎలా తెలిసింది? తలకి రిబ్బనుంది. కనురెప్పలకి ఇంత పొడుగు వెంట్రుకలున్నాయి. మరి రైనోకి ఉన్నాయా? లేవు. సో, హీ."

మా అమ్మాయి కుందేలుని చూసింది. ఖడ్గమృగాన్ని చూసింది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి కళ్ళజోడు లాగేసి నా రెప్పలు చూసింది. వాటి సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. అక్కణ్ణుంచి వెళ్ళి నాన్న ఒళ్ళో ఎక్కి, మొహం మీద మొహం పెట్టి ఆయన రెప్పలు చూసింది. మా పెళ్ళిలో మా పిన్నులు అసూయపడినంత పొడుగు రెప్పలు మా ఆయనవి.

"డాడీ ఈజ్ షీ," అని తీర్పు చెప్పి దిగిపోయింది.

నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. తెల్లారి చూస్తే ఖడ్గమృగానికి ప్రతి పేజీలోనూ నీలం బాల్‌పెన్నుతో రెప్పవెంట్రుకలు మొలిచి ఉన్నాయి. ఒక పేజీలో అవి కొమ్ము కంటే పొడుగు.

ఇక్కడితో అయిపోయుంటే ఇది మా ఇంటి వేళాకోళంగానే మిగిలేది. కానీ మా అమ్మాయికి ఒక నేస్తం ఉన్నాడు. మా బ్లాక్‌లోనే పదో అంతస్తు పిల్లాడు, దాని ఈడే. వాళ్ళ అమ్మానాన్నలది కరీంనగర్ వైపు. ఆ పిల్లాడికి నడుము దాకా జుట్టు. పుట్టువెంట్రుకలు వేములవాడలో తీయిస్తామని మొక్కు. మూడో ఏడు వెళ్దామంటే వాళ్ళ నాన్నకి సెలవు దొరకలేదు. సరి సంవత్సరం పనికిరాదు కాబట్టి ఐదో ఏడు దాకా ఆగాలి. అందాకా వాళ్ళమ్మ రోజూ జడ వేసి రబ్బరు బ్యాండు పెట్టేది. లిఫ్టులో కలిసే మలయ్ అంకుల్ ప్రతిసారీ "వా, సో ప్రెటీ! గర్ల్ ఆ?" అనేవాడు. వాళ్ళమ్మ ప్రతిసారీ "బాయ్, అంకుల్" అని చెప్పేది. మూడో రోజుకి ఆయన మళ్ళీ మర్చిపోయేవాడు.

ఒక శనివారం పిల్లలిద్దరూ మా సోఫాలో పుస్తకం తిరగేస్తున్నారు. నేను బట్టలు మడతపెడుతూ వింటున్నాను. మా అమ్మాయి టీచరైపోయింది. వాళ్ళ నాన్న చెప్పిన పాఠం వాడికి అప్పజెప్పేస్తోంది.

"రిబ్బన్ మీన్స్ గర్ల్. లాంగ్ హెయిర్ మీన్స్ గర్ల్."

వాడు తన జడ ముందుకేసుకుని చూసుకున్నాడు. "ఐ యామ్ బాయ్."

"బట్ యూ హావ్ జడ."

"బాయ్ లా!"

"బుక్‌లో బాయ్‌కి జడ లేదు."

వాడు పుస్తకం లాక్కుని మొదటి నుంచి చివరిదాకా ఒక్కో పేజీ వెతికాడు. బస్సు కిటికీల్లో, స్టాపుల్లో, ఎక్కడైనా జడ ఉన్న అబ్బాయి కనిపిస్తాడేమోనని. లేడు. రబ్బరు బ్యాండు పీకి సోఫా మీద పెట్టి, జుట్టు విరబోసుకుని వాళ్ళింటికి వెళ్ళిపోయాడు. మా అమ్మాయి నా వైపు చూసింది. తనేం చేసిందో దానికి అర్థం కాలేదు.

సాయంత్రానికి వాళ్ళమ్మ మా తలుపు కొట్టింది.

"అక్కా, మీ ఇంట్ల ఏం బుక్కు చూపెట్టిన్రు? మావోడు జడ ఏస్తనంటే దగ్గరికి రానిస్తలేడు. కత్తెర వట్టుకొని బాత్‌రూంల కూసున్నడు. గుంజుకునేసరికి నా పానం వోయింది."

"అయ్యో, జుట్టు కోసేసుకున్నాడా?"

"గింత కోసిండు, చెవి కాడ. ఎవలకు చెప్పకక్కా, మా అత్తమ్మకు తెలిస్తే మళ్ళ గదో మొక్కు మొక్కుతది." అని నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది. "ఏం జెయ్యాలె చెప్పు. ఇంకా ఆర్నెల్లు ఆగాలె. 'అమ్మా, నేను బుక్కుల లేను' అంటడు. గంతే. ఇంకో మాట లేదు."

ఆ మాటతో నా నవ్వంతా దిగిపోయింది. వారం రోజులు లైబ్రరీలో పిల్లల అల్మారాల ముందు నేల మీద కూర్చుని వెతికాను. పొడుగు జుట్టున్న అబ్బాయి ఒక్కడు చాలు, జడ లేకపోయినా పర్లేదు. అబ్బాయిలందరికీ ఒకే మంగలి ఉన్నట్టు ఒకే క్రాపు. జూలున్న సింహం ఒకటి దొరికింది, అది సింహం. భుజాల దాకా జుట్టున్న సముద్రపు దొంగ ఒకడు దొరికాడు, కానీ వాడికి ఒక కంటి మీద గుడ్డ, నోట్లో కత్తి ఉన్నాయి. కత్తెర పట్టుకుని బాత్‌రూంలో కూర్చున్న పిల్లాడికి అది చూపించే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ నెలలోనే మా అత్తగారు కోనసీమ నుంచి మా దగ్గర కొన్నాళ్ళు ఉండడానికి వచ్చారు. బయల్దేరే ముందే ఫోన్లో మాటల మధ్య ఈ జడ సంగతి ఆవిడకి చెప్పాను. పెద్దగా నవ్వి, "నన్ను రానీ, చూద్దాం" అన్నారు తప్ప ఇంకేమీ అనలేదు. వచ్చిన మర్నాడు పెట్టె తెరిచి ఆవకాయ సీసాలూ సున్నుండల డబ్బా బయటపెట్టాక, అడుగున పట్టుచీర మడతల్లోంచి ఒక ఫొటో తీశారు.

మా ఆయన అది చూసి గాభరాగా లేచాడు. "అమ్మా! అదెందుకు తెచ్చావ్?"

"ఊరుకోరా. పదో అంతస్తు బాబుగారిని పిలవండి ముందు," అన్నారు ఆవిడ. మా అత్తగారు సొంతవాళ్ళకి తప్ప, చిన్నాపెద్దా తేడా లేకుండా అందరికీ గారు తగిలిస్తారు. గుమ్మంలో కుక్కని తోలినా "అవతలికి వెళ్ళండి" అనే రకం.

పిల్లాడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వచ్చాడు. ఆ వారమంతా వాడు జుట్టుని టోపీలో దాచుకునే తిరుగుతున్నాడు. అత్తగారు ఫొటో పిల్లలిద్దరి మధ్యా పెట్టారు. నలుపు తెలుపు స్టూడియో ఫొటో. వెనక తోట బొమ్మ గీసిన తెర. ముందు మూడేళ్ళ పిల్ల, పట్టు పరికిణీ, జాకెట్టు, చెవులకి జూకాలు, బుగ్గన దిష్టిచుక్క. పక్కన నిలువుటద్దం పెట్టి, అందులో వీపు మీది పూలజడ మొత్తం కనపడేలా తీశారు.

"హూ ఈజ్ దిస్ గర్ల్? సో క్యూట్," అంది మా అమ్మాయి.

"మీ నాన్నేనే," అన్నారు అత్తగారు. "తిరుపతిలో జుట్టు ఇచ్చే ముందు తీయించాం. మా ఊళ్ళో మగపిల్లలందరికీ ఇలాగే ముస్తాబు చేసి తీయించేవారు."

ఇద్దరూ తలెత్తి మా ఆయన్ని చూశారు. మీసం, పొట్ట, మెడలో ఆఫీసు కార్డు. మళ్ళీ ఫొటో చూశారు. పిల్లాడు టోపీ కొంచెం పైకి జరుపుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

"అంకుల్, లాస్ట్ టైమ్ యూ ఆర్ గర్ల్ ఆ?"

వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన ఎర్రబడిపోయాడు. జోకేసి తప్పించుకుంటాడేమో అనుకున్నాను. కానీ వాడి మొహం చూసి, నేల మీద వాడి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"నో. అప్పుడూ బాయే."

"విత్ జడ?"

"విత్ జడ."

"విత్ స్కర్ట్?"

"...విత్ స్కర్ట్."

"యూ లైక్ ఆ?"

"నాకు గుర్తులేదు నాన్నా."

"నాకుంది," అన్నారు అత్తగారు. "ఫొటో అయ్యాక విప్పుతామంటే గుక్కపట్టి ఏడ్చాడు. రెండ్రోజులు ఆ పరికిణీతోనే వీధంతా తిరిగాడు. పొద్దున్నే పాలబ్బాయి గారికి గిర్రున తిరిగి చూపించాడు కూడా!"

మా ఆయన తల దించుకుని నవ్వడం మొదలుపెట్టాడు. పిల్లాడూ నవ్వాడు. వారం రోజుల తర్వాత వాడి నవ్వు చూడటం అదే మొదలు. "సేమ్ లైక్ మీ," అని టోపీ తీసేశాడు. చెవి దగ్గర కత్తిరించిన చోట జుట్టు పొదలా లేచి నిలబడి ఉంది. మా ఆయన దాన్ని వేళ్ళతో సర్ది, "ఈ జడ నీది. ఉన్నా నువ్వే, తీసేసినా నువ్వే. పుస్తకాన్ని అడగక్కర్లేదు," అన్నాడు. రెప్పవెంట్రుకల సిద్ధాంతం చెప్పిన మనిషి నోట ఆ మాట విని నాకు ముచ్చటేసింది. అది పైకి చెప్పలేదు. చెప్తే మళ్ళీ గొప్పలు మొదలవుతాయి.

వాడు అక్కడితో ఆగలేదు. పరికిణీ కూడా కావాలన్నాడు. "జడ దాక సరే బిడ్డా. పరికిణి సంగతి మీ నాయనను అడుగుదాం," అంది వాళ్ళమ్మ.

ఆ గొడవలో మా అమ్మాయి పుస్తకం తెచ్చి నానమ్మ ఒళ్ళో పెట్టేసింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అదేమీ అడ్డం కాలేదు. కళ్ళజోడు పెట్టుకుని బొమ్మలు చూస్తూ మొదలుపెట్టారు.

"ఖడ్గమృగం గారు పొద్దున్నే లేచి కాఫీ తాగి డ్యూటీకి బయల్దేరారు. మొదటి స్టాపులో కుందేలు గారు ఎక్కారు. 'ఏమండీ, పిల్లలు కులాసానా?' అన్నారు ఖడ్గమృగం గారు..."

"నానమ్మా, వెయిట్. రైనో బాయ్ ఆ, గర్ల్ ఆ?"

అత్తగారు కళ్ళజోడు మీంచి చూశారు. "డ్యూటీలో ఉన్నవాళ్ళని అలా అడుగుతారేంటే? తప్పు."

నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకున్నాం. మా ఇంట్లో అన్ని రోజులుగా నలుగుతున్న కేసుని ఆవిడ కొట్టేసి, తర్వాతి పేజీ తిప్పేశారు. బాతులు గార్లయ్యాయి, మొసలి గారికి సీటు దొరికింది. మూడో స్టాపు దగ్గర ఆవిడ ఆగి, పిల్లాడి గడ్డం పట్టుకున్నారు.

"ఇక్కడ జడేసుకున్న బాబుగారు ఎక్కారు."

"బట్ నో పిక్చర్," అంది మా అమ్మాయి.

"లేకపోతే గియ్యి."

మా అమ్మాయి పరిగెత్తి బాల్‌పెన్ను తెచ్చింది. మొసలి వెనక ఖాళీ సీటులో గుండ్రటి తలకాయ ఒకటి గీసింది. ఎలా కావాలో పక్కన నిలబడి వాడే చెప్పాడు. జడ పొడుగ్గా ఉండాలి, కిటికీలోంచి బయటికి ఎగరాలి. రబ్బరు బ్యాండు ఎర్రగా ఉండాలి. ఎర్ర పెన్ను కోసం ఇల్లంతా వెతికాం. ఆఖరికి నా కుంకుమ డబ్బా బయటికొచ్చింది.

హీ, షీ గొడవ కూడా కొద్దిరోజుల్లోనే తెగిపోయింది. తెంచింది మా అమ్మాయే. నాన్న చదివేది వేరే రైనో, అమ్మ చదివేది వేరే రైనో అని తేల్చేసింది. "టూ డ్రైవర్స్ లా. డాడీ లైక్ దట్, షిఫ్ట్ మారుతుంది," అంది. సపోర్ట్ ఉద్యోగి కూతురికి అంతకంటే సహజమైన సమాధానం ఏముంటుంది!

ఐదో ఏడు రాగానే వాళ్ళు ఊరెళ్ళి మొక్కు తీర్చుకుని వచ్చారు. గుండు మీద గంధం రంగు ఇంకా పోని పిల్లాడు లిఫ్టులో నిలబడితే, మలయ్ అంకుల్ వాళ్ళమ్మని అడిగాడట. "యువర్ డాటర్ వేర్?" వాళ్ళమ్మ నోరు తెరిచేలోపే వాడు గుండు తట్టుకుంటూ, "అంకుల్, సేమ్ వన్ లా," అన్నాడట. ఇది చెప్తూ చెప్తూ వాళ్ళమ్మ మా గుమ్మంలోనే కూర్చుండిపోయి నవ్వింది.

మరుసటి ఏడాది వాళ్ళ నాన్న ఉద్యోగం మారి కుటుంబం జురాంగ్ వెస్ట్‌కి వెళ్ళిపోయింది. మా నుంచి రైల్లో గంటకి పైనే. అయినా నెలకో ఆదివారం ఇద్దరు పిల్లలూ ఎక్కడో ఒకచోట కలిసేవాళ్ళు.

మా అమ్మాయి ప్రైమరీ వన్‌లో, అంటే ఒకటో తరగతిలో చేరింది. కొన్ని నెలలకి తనంతట తను చదవడం వచ్చేసింది. ఒక సాయంత్రం అన్నాలయ్యాక, చదివి వినిపిద్దామని అలవాటుగా వెళ్ళి సోఫాలో కూర్చున్నాను. తను అప్పటికే బోర్లా పడుకుని, ఏదో కొత్త పుస్తకంలో మునిగిపోయి కిసుక్కున నవ్వుతోంది.

"ఏంటే అంత నవ్వు? ఏముంది అందులో?"

"వెయిట్ లా అమ్మా. ఈ పేజీ అయిపోనీ."

సరేనని, తన కాళ్ళు నా ఒళ్ళోకి లాక్కుని, ఆ పేజీ అయ్యేదాకా కూర్చున్నాను.